టోపీ, జాకెట్ ఉంటే పనితో పనేముంది

మనిషిని రోజూ పీక్కుతినే బాధలు మూడే: పని చేయడం, జేబులోంచి డబ్బు తీయడం, తల దువ్వుకోవడం. మూడింటికీ మందు ఎప్పుడో కనిపెట్టారు. ఒకటి అంచున్న మంచి టోపీ, రెండోది భుజాల దగ్గర నిలబడే జాకెట్. మనవాళ్లు మాత్రం ఈ రెండింటినీ తెర మీదే వదిలేశారు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణ టోపీ పెట్టారు. 1990లో ‘కొదమ సింహం’లో చిరంజీవి, 2002లో ‘టక్కరి దొంగ’లో మహేశ్‌బాబు పెట్టారు. మనం టికెట్లు కొన్నాం, ఈలలు వేశాం, బోడి తలతో ఎండలో ఇంటికొచ్చాం. ఇంతకన్నా అన్యాయం ఉందా?

టోపీ, జాకెట్ అందం కోసమని కొందరు పొరబడతారు. అవి పని ఎగ్గొట్టేవాడి పనిముట్లు. కింద చెప్పినవి శ్రద్ధగా పాటించండి. ఏడాది తిరిగేసరికి మీకు ఎవరూ పని చెప్పరు, ఎవరూ అప్పు అడగరు, పెళ్లిళ్లకు కూడా పిలవరు. అంతటి ప్రశాంతత ఊరికే రాదు.

1. తల కొలవకండి. పద్ధతిగా కొనేవాళ్లు చెవులకు కాస్త పైన, నుదుటి మధ్యగా టేపు చుట్టి సెంటీమీటర్లు రాసుకుంటారు. 58 వస్తే అమెరికా సైజుల్లో ఏడుంపావు అవుతుంది. మనకెందుకా లెక్కలు? 61 సైజు మీద ధర సగానికి తగ్గించి ఉంటే అదే తీసుకోండి. వదులైతే లోపలి తోలు పట్టీ వెనక సన్నగా మడిచిన కాగితం దూర్చాలంటారు తెలిసినవాళ్లు. మీరు ఆదివారం అనుబంధం మొత్తం కుక్కేయండి. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం గాలికి టోపీ లేచి కృష్ణలో పడిందా, మరీ మంచిది. వారం రోజులు ఆఫీసులో ఆ దిగులుతో కూర్చోవచ్చు. దిగులుగా ఉన్నవాడికి ఫైళ్లివ్వడానికి ఎవరికీ మనసొప్పదు.

2. డబ్బు మీది కాకూడదు. బావమరిది క్రెడిట్ కార్డు మీద పన్నెండు వాయిదాల్లో కొనండి. అతను నసిగితే ‘నీకూ ఒకటి తెప్పిస్తాలే బావా’ అనండి. మొదటి రెండు వాయిదాలు ఠంచనుగా కట్టండి, నమ్మకం కుదురుతుంది. మూడో నెల నుంచి అతని ఫోన్లకు మీ ఆవిడ జవాబు చెబుతుంది. వాళ్లిద్దరూ ఒక తల్లి బిడ్డలు, మధ్యలో మనం దూరకూడదు.

3. నకిలీ సరుకు కొని అసలు కథ చెప్పండి. పనామా టోపీ పుట్టింది పనామాలో కాదు. ఈక్వడార్‌లో టొకీయా అనే మొక్క ఆకులను పీచుగా చీల్చి చేత్తో అల్లుతారు. ఆ అల్లికను యునెస్కో 2012లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. సన్నటి అల్లికదైతే ఒక్క టోపీకి నెలలు పడుతుంది. మీరు కాగితపు దారంతో మిషను మీద చేసినది కొనండి. దూరానికి తేడా తెలియదు. వానలో తడిస్తే తెలుస్తుంది. ఆలోగా దాని గొప్ప పది మందికీ చెప్పేసి ఉంటారు.

అసలు ఆ కథ కోసమే టోపీ కొనాలంటాను. సాయంత్రం నాలుగున్నరకు మేనేజర్ గారు ఏదో కాగితం పట్టుకుని మీ బల్ల వైపు వస్తుంటారు. టోపీ తీసి బల్ల మీద పెట్టండి. ‘దీన్ని పనామా టోపీ అంటారు గానీ సార్, పనామాది కాదు’ అని మొదలెట్టండి. ఈక్వడార్ సరుకు పనామా రేవుల మీదుగా లోకానికి వెళ్లేదనీ, అందుకే ఆ పేరు అంటుకుందనీ, 1906లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలువ తవ్వకం చూడ్డానికి ఈ టోపీతోనే వెళ్లాడనీ, ఆ ఫోటోతో దీనికి గిరాకీ పెరిగిందనీ చెప్పండి. కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంటే రూమీ టోపీకి రండి. 1925 నవంబరులో టర్కీ చట్టం చేసి ఆ టోపీని నిషేధించింది, మన హైదరాబాదులో మాత్రం షేర్వానీల మీద అది దర్జాగా కొనసాగింది. అప్పటికీ కదలకపోతే పాదరసం తీయండి. పూర్వం కుందేలు బొచ్చును ఫెల్టుగా మార్చడానికి పాదరసం కలిపిన మందు వాడేవారు. ఆ ఆవిరి పీల్చి టోపీ పనివాళ్ల చేతులు వణికేవి, మతి చలించేది. అమెరికాలో ఆ పద్ధతి 1941 దాకా నడిచింది. ఇక్కడికి అయిదున్నర అవుతుంది. కాగితం రేపటికి పోతుంది.

పాదరసం సంగతి ఇంకో విధంగానూ పనికొస్తుంది. మర్నాడు మీరు రాసిన నోటు కోడి గెలికినట్టుందని ఎవరైనా అంటే చెయ్యి కాస్త వణికించి, కళ్లతో టోపీ వైపు చూపండి. మీ టోపీలో పాదరసం చుక్క లేదన్న విషయం మీరు చెబితే తప్ప వాళ్లకు తెలియదు.

4. జాకెట్‌కు పైసా పెట్టకండి. ప్రతి ఇంట్లోనూ బీరువా పై అరలో రిసెప్షన్ నాటి సూటు ఒకటి మూలుగుతుంటుంది. అత్తవారు కుట్టించినది. ఒక్క సాయంత్రం ఫోటోలు దిగి, మళ్లీ తొడగని సూటు. దానిలో కోటు ఒక్కటే తీసి రోజూ వేసుకోండి, ప్యాంటు ముట్టుకోకండి. కోటు విడిగా వాడితే రంగు వెలిసి ప్యాంటుతో కలవదనీ, రెండూ కలిపే డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాలనీ దర్జీలు మొత్తుకుంటారు. వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం. అందుకే ఆరు నెలలయ్యాక రెండూ కలిపి వేసుకుని మామగారి ఎదుట నిలబడండి. కింద నలుపు, పైన బూడిద. ‘బట్ట నాసిరకం అంటగట్టినట్టున్నారు మామయ్యగారూ’ అని నెమ్మదిగా అనండి. ఆయన పరువుగల మనిషైతే వారంలో కొత్తది కుట్టిస్తారు.

పొట్ట అడ్డొచ్చి గుండీలు పడటం లేదని బెంగపడకండి. రెండు గుండీల కోటుకు కింది గుండీ వదిలేయడం మర్యాద. ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డు పొట్ట నుంచే ఆ అలవాటు వచ్చిందని చెప్పుకుంటారు. మీరు పై గుండీ కూడా వదిలేయండి. మర్యాద రెట్టింపవుతుంది.

5. దుకాణం కుట్లు విప్పకండి. కొత్త కోటుకు వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా దారం వేసి ఉంటుంది. పక్క జేబులు కుట్టేసి ఉంటాయి. చేతి అంచున కంపెనీ పట్టీ ఉంటుంది. అమ్ముడుపోయేదాకా ఆకారం చెడకుండా వేసినవి ఇవి, ఇంటికి తెచ్చాక చిన్న కత్తెరతో తీసేయాలి. ఉంచండి. పట్టీ ఉంటే ధర గురించి మీరు నోరు విప్పక్కర్లేదు. వెనక కుట్టు ఉంటే వంగడం కష్టం, వంగలేనివాడికి కింద పడ్డ వస్తువులు ఎవరో ఒకరు తీసిస్తారు. కుట్టిన జేబులో చెయ్యి దూరదు కనుక క్యాంటీన్‌లో మీరు డబ్బులు తీయలేరు, తీయబోయారన్న సంగతి మాత్రం అందరూ చూస్తారు.

6. కోటును ఉద్యోగంలో పెట్టండి. మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి వంటబట్టించుకోండి. ఇది చాలా ఆఫీసుల్లో చూస్తాం, సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. కోటును కుర్చీకి విసిరేసి పోతే అది గోడకు తగిలించిన గుడ్డలాగే ఉంటుంది. మనిషి ఇప్పుడే లేచి వెళ్లినట్టుండాలి.

పదిన్నరకు వచ్చి వేలిముద్ర వేయండి. కుర్చీని బల్లకు కొంచెం పక్కగా తిప్పండి, ఎవరో పిలిస్తే లేచినట్టు. కోటు భుజాలు కుర్చీ వీపు మీద సరిగ్గా కూర్చోబెట్టి ఎడమ చెయ్యిని కుర్చీ చేతి మీద వాల్చండి. బల్ల మీద సగం రాసిన కాగితం పెట్టండి. వాక్యం మధ్యలో ఆగాలి, ‘పై విషయమై తమరికి’ దగ్గర ఆగితే శ్రేష్ఠం. మూత తీసిన పెన్ను దాని మీద అడ్డంగా, పాత కళ్లజోడు దాని పక్కన. తర్వాత మంచినీళ్ల గ్లాసు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నిండు గ్లాసు పెడితే అటెండరు ఇప్పుడే పెట్టి వెళ్లినట్టుంటుంది. ఖాళీ గ్లాసు పెడితే మీరు తాగి వెళ్లిపోయినట్టుంటుంది. సగం గ్లాసు పెట్టండి. సగం గ్లాసు మిమ్మల్ని సాయంత్రం దాకా సీట్లోనే ఉంచుతుంది. కంప్యూటరు తెర ఆరిపోకుండా ముందే సెట్టింగు మార్చుకోండి.

పక్క సీటు మిత్రుడు ‘ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నాడు సార్, కోటు ఉంది చూడండి’ అనాలి. ఒక్క వాక్యం. దానికి రోజుకో టీ, అది కూడా ఖాతా మీద. మీరు పదకొండు గంటల ఆటకు వెళ్లండి, ఇంటికెళ్లి పడుకోండి, మీ ఇష్టం. వానాకాలం మాత్రం గొడుగు పట్టుకెళ్లకండి. కోటు ఉండి గొడుగు లేకపోతే అనుమానం వస్తుంది.

నెలల తరబడి కుర్చీకి వేలాడితే కోటు భుజాలు రెండు చోట్ల బుడిపెల్లా ఉబ్బుతాయి, కింది అంచు చక్రాల కింద నలిగి నల్లబడుతుంది. ఇస్త్రీ పెట్టి సరిచేయించకండి. రోజంతా కుర్చీ వదలనివాడి కోటు ఎలా ఉండాలో అలాగే ఉంది.

7. పర్సు ఎప్పుడూ రెండో జాకెట్‌లో ఉండాలి. రెండో జాకెట్ లేకపోయినా ఫరవాలేదు, ఉందని చెబితే చాలు. బిర్యానీ తిన్నాక సోంపుతో పాటు బిల్లు వస్తుంది. అందరికన్నా ముందు మీరే ‘ఉండండి, నేనిస్తా’ అనండి. ఆలస్యంగా అంటే ఎవరూ నమ్మరు. ఎడమ లోపలి జేబు తడమండి, తర్వాత కుడి లోపలిది, తర్వాత పక్క జేబులు. రొమ్ము జేబు ఆఖరున. అక్కడ ఆగి, గోడ మీది మెనూ వైపు చూస్తూ, ‘అరె, నిన్నటి జాకెట్‌లో ఉండిపోయింది’ అనండి. జాకెట్‌కు ఎన్ని జేబులుంటే ఈ తంతు అంతసేపు సాగుతుంది. మోటారు సైకిలు వాళ్ల తోలు జాకెట్లకు ఏటవాలు జిప్పు జేబులుంటాయి, ఒక్కో జిప్పు తెరిచి మూసేలోగా ఎవరో ఒకరు కార్డు తీస్తారు.

‘ఫోన్‌పే చెయ్యి’ అంటారు ఈ కాలపు కుర్రాళ్లు. ఫోనూ ఆ జాకెట్‌లోనే ఉందనండి. అందుకే బయటికి వెళ్లేటప్పుడు ఫోను మోగకుండా పెట్టడం మరవకండి. పెళ్లిలో చదివింపుల దగ్గర కూడా ఇదే మాట, కవరు ఆ జాకెట్‌లో ఉంది. నాలుగైదుసార్లు ఇలా జరిగాక స్నేహితులు మిమ్మల్ని భోజనానికి పిలవడం మానేస్తారు. హోటలు దాకా నడిచే శ్రమ కూడా అక్కడితో తీరిపోతుంది.

8. లోపలి జేబులో మడతకాజాలు నాలుగు పడతాయి. కాగితంలో చుట్టకండి, చప్పుడవుతుంది. పాకం అస్తరులోకి దిగి, రెండో రోజుకు చీమలు బారు కడతాయి. కోటు దులపమని ఎవరైనా అంటే వాళ్లకే ఇచ్చేయండి, దులిపి తెస్తారు.

9. తోలు జాకెట్ మే నెలలోనే వేయండి. ఈ జాకెట్లు దేనికి పుట్టాయో తెలిస్తే పట్టుదల వస్తుంది. 1928లో న్యూయార్కులో షాట్ కంపెనీ మోటారు సైకిలు తొక్కేవాళ్ల కోసం ముందు జిప్పుతో జాకెట్ చేసి, పర్ఫెక్టో అని పేరు పెట్టింది. 1931లో అమెరికా సైన్యం తన వైమానికుల కోసం ఎ-2 జాకెట్‌ను ఖాయం చేసింది. కప్పులేని విమానంలో చలిగాలి దూరకుండా మణికట్టు దగ్గర, నడుము దగ్గర అల్లిన పట్టీలుంటాయి దానికి. 1953లో ‘ది వైల్డ్ వన్’లో మార్లన్ బ్రాండో మోటారు సైకిలు జాకెట్ వేశాక కుర్రకారు ఎగబడ్డారు. బయటి గాలి లోపలికి పోదు, లోపలి వేడి బయటికి రాదు. ఇంత పనితనమున్న వస్తువుకు లంబసింగి మంచులో పరీక్ష ఏముంటుంది? విజయవాడలో 44 డిగ్రీలప్పుడు పెట్టాలి పరీక్ష.

బెంజి సర్కిల్ నుంచి ఆఫీసుకు నడిచి వస్తే మొహం ఎర్రగా కంది, చొక్కా వీపుకు అతుక్కుంటుంది. ఏసీ కిందున్న సీటు ఎవరిదైనా సరే మీకు ఖాళీ చేస్తారు. రెండు గంటలకల్లా మేనేజర్ గారే ఇంటికి పొమ్మంటారు. డిసెంబరులో ఇంట్లోవాళ్లు లంబసింగి బయల్దేరితే మాత్రం జాకెట్ ఇంట్లోనే వదలండి. మంచుకు తోలు పాడవుతుందని చెప్పి తోడల్లుడి శాలువా కప్పుకోండి. ఆయన వణికితే పొద్దున్నే లేచి టీ కాస్తాడు, మీకూ ఒక గ్లాసు వస్తుంది.

10. బస్సు కిటికీలోంచి సీటు మీద వేయడానికి తువ్వాలు కన్నా టోపీ నయం. పల్లెవెలుగు బస్సు ఆగక ముందే కిటికీలోంచి మీ ఫెల్టు ఫెడోరా టోపీని విసరండి. తువ్వాలైతే పక్కకు జరిపి కూర్చుంటారు. టోపీ కింద తలకాయ ఉందేమోనని క్షణం ఆగుతారు, ఆ క్షణం చాలు. ఆగకుండా ఎవరైనా బరువైన మనిషి కూర్చుంటే ముందు నొక్కులు అణిగి, ఫెల్టు పళ్లెంలా చదునవుతుంది. అప్పుడు నష్టపరిహారంగా సీటు అడగండి. ఇచ్చి తీరతారు.

11. అంచు వెడల్పు రెండున్నర అంగుళాలకు తగ్గనివ్వకండి. ఆ అంచు నుదుటి మీదికి దించితే కళ్లు మూసుకున్న సంగతి ఎదుటివాళ్లకు కనబడదు. మీటింగులో గడ్డం కింద చెయ్యి ఆనించి పడుకోండి. టోపీని పదేపదే ముందు నొక్కుల దగ్గర రెండు వేళ్లతో పట్టి దించండి. అంచు పట్టుకునే తీయాలి, నొక్కుల దగ్గర పట్టుకుంటే ఫెల్టు పగులుతుందని టోపీ చేసేవాళ్లు చెబుతారు. పగలనివ్వండి. ఆ పగులులోంచి అప్పుడప్పుడు ఒక కన్నుతో గడియారం చూడొచ్చు.

గదిలోకి రాగానే టోపీ తీయడం పాత మర్యాద. తీస్తే కళ్లు కనబడతాయి, తల దువ్వలేదనీ తెలుస్తుంది. నెత్తిన పుండు ఉందని చెప్పండి. పుండు చూపించమనే ఆఫీసరు ఇంకా పుట్టలేదు.

12. కొత్త జాకెట్‌ను తాతగారిది చేయండి. 1981లో విడుదలైన ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ తీసేటప్పుడు హారిసన్ ఫోర్డ్ టోపీ లండన్‌లోని హెర్బర్ట్ జాన్సన్ దుకాణం నుంచి వచ్చింది. దుస్తులు రూపొందించిన డెబొరా నాడుల్‌మన్ కొత్త జాకెట్‌ను గీకి గీకి పాతదాన్ని చేశారు. ఆవిడ అంత కష్టపడ్డారు, మీరు పడక్కర్లేదు. మోచేతుల దగ్గర వడ్రంగి వాడే గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దండి, మిగతాది పక్కింటి పిల్లలకు ఆటగా ఇవ్వండి. లోపల ‘పాలియెస్టర్’ అని ఉన్న చీటీ మాత్రం మీ చేత్తోనే కత్తిరించండి.

ఇక కథ. ఉత్తరాంధ్ర నుంచి ఎందరో రంగూన్ వెళ్లి బతికారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు చాలామంది అడవుల గుండా కాలినడకన తిరిగొచ్చారు. మీ తాతగారినీ వాళ్లలో చేర్చండి. దారిలో ఓ అమెరికా వైమానికుడు ఈ జాకెట్ ఇచ్చాడనండి. ఆ రోజుల్లో బర్మా మీద అమెరికా విమానాలు ఎగిరిన మాట నిజం, కాబట్టి చదువుకున్నవాళ్లు కూడా తలూపుతారు. తాతగారి జ్ఞాపకమని చెప్పిన వస్తువు వేసుకున్న మనిషిని బరువు మొయ్యమని ఎవరూ అనరు. మీ సొంత అన్నదమ్ములు ఇంటికొస్తే మాత్రం దాచేయండి. వాళ్లు వాటా అడుగుతారు.

13. ఉతకడం, దులపడం, బ్రష్షు పట్టడం పెట్టుకోకండి. ఎవరైనా వాసన గురించి ఎత్తితే ఏడో నిజాం పేరు చెప్పండి. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ఆయన్ను ప్రపంచంలోకెల్లా ధనవంతుడని అట్ట మీద వేసింది. అంతటివాడు మాసిపోయిన పాత టోపీనే ఏళ్ల తరబడి పెట్టుకున్నాడని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఖజానాతో మనకు పోలిక లేకపోవచ్చు, మాసిన టోపీ విషయంలో ఆయనతో సమానం కావడానికి అడ్డేమీ లేదు.

తలకు కొబ్బరినూనె దట్టంగా రాసుకుని టోపీ పెట్టండి. లోపలి తోలు పట్టీ మొదట నూనె తాగి మెత్తబడుతుంది. నెల తిరిగేసరికి నూనె ఫెల్టులోకి పాకి, బయట రిబ్బను పైన చీకటి వలయం కడుతుంది. ఎడమ పక్కనున్న రిబ్బను ముడి దాకా వచ్చి కాసేపు ఆగి, ముడిని కూడా ముంచేస్తుంది. ఆ దశలో టోపీ నీటిబొట్టును లోపలికి రానివ్వదు. వానకోటు ఖర్చు మిగిలినట్టే.

14. దాచడానికి తిప్పలు పడకండి. టోపీని బోర్లా పెడితే అంచు వంకర పోతుంది, వెల్లకిలా పెట్టాలంటారు. బోర్లాయే పెట్టండి, లేకపోతే అందులో ఇంట్లోవాళ్లు ఉల్లిపాయలు వేస్తారు. జాకెట్‌కు వెడల్పు భుజాల చెక్క హ్యాంగరు కావాలంటారు. సన్నటి ఇనుప తీగది డ్రైక్లీనింగ్ వాళ్లు ఉచితంగానే ఇస్తారు, దాని మీది ప్లాస్టిక్ కవరుతో సహా వేలాడదీయండి. కాకినాడలాంటి ఊళ్లలో వానాకాలం ఆ కవరు లోపల తోలు మీద తెల్లటి బూజు మొలుస్తుంది. తుడవకండి. బూజు ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టరు చీటీ రాస్తే దానితో రెండు రోజుల సెలవు వస్తుంది. కలరా ఉండలు పెట్టకండి, వాటి వాసనకు జేబులో కాజాలు పాడవుతాయి.

తడిసిన ఫెల్టు నీడలో ఆరాలి, సెగ తగిలితే కుంచించుకుపోతుంది. మీది 61 సైజు గదా. గ్యాస్ స్టవ్ పైన గోడ మేకుకు తగిలించండి. చారు కాగేలోపు 57కు వస్తుంది. ఆగకుండా 54కు దిగితే స్కూలుకెళ్లే అబ్బాయికి ఇచ్చి, వాడి పుట్టినరోజు బహుమతి అయిపోయిందనిపించండి.

15. గుడికి వెళ్తే టోపీని చెప్పుల స్టాండులో ఇవ్వండి. మీ జత పక్కనే పెట్టమనండి, ఒకే టోకెన్ మీద రెండు పనులు. తిరిగొచ్చేసరికి దానిలో ఎవరివో పిల్లల చెప్పులుంటాయి. రచ్చ చేయండి. రచ్చ పెద్దదైతే రష్ చూసి జడిసి మీ ఆవిడ ఆ రోజు బజారు కొనుగోళ్లు వాయిదా వేస్తుంది.

16. ఈపాటికి అప్పు మిగిలి, సరుకు అయిపోయి ఉంటుంది. తోలని చెప్పుకున్న ఆ రెక్సిన్ జాకెట్ మన ఉక్కకు పొరలు పొరలుగా ఊడుతుంది, మెడ వెనక మొదలై చొక్కా మీద నల్లటి పొట్టు రాలుతుంది. టోపీ ఒకవైపు వాలిపోతుంది. బావమరిది మాట్లాడడు, మామగారు పలకరించరు, మేనేజర్ గారు మీ పేరు చెబితే కుర్చీ వైపు చూసి తల తిప్పుకుంటారు. పిలిచేవాళ్లు లేరు, పని చెప్పేవాళ్లు లేరు. అనుకున్నది సాధించారు.

ఇప్పుడు పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చేవాళ్లు వీధిలోకి వచ్చినప్పుడు రెండూ బయట పెట్టండి. తోలుకు గిన్నె ఎక్కువ వస్తుంది కనుక రెక్సిన్ అని చెప్పకండి, పొట్టు రాలిన వైపు లోపలికి మడవండి. టోపీని దాని మీద పెట్టి, ఈక్వడార్ నుంచి మొదలెట్టండి. వాళ్లకు పక్క వీధికి పోవాల్సిన తొందర ఉంటుంది, రూజ్‌వెల్ట్ దాకా రాకుండానే మూత ఉన్న గిన్నె చేతిలో పెట్టేస్తారు. గిన్నె ఆవిడకివ్వండి, ఆవిడ కార్డు నంబరు అడిగి రెండో టోపీకి ఆర్డరు పెట్టండి. ఈసారి 63 సైజు మీద తగ్గింపు ఉంది.